కానుకకు ముందు సమాధానం: మెదక్ సీమలో ఒక ఆరాధనాచారం

నేడు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాకు చెందిన దెగ్లూర్ 1956 నవంబర్ 1 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అందువల్ల తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు కలిసే ఆ ప్రాంతపు క్రైస్తవాచారాలను నేటి సరిహద్దులను బట్టి గాక, పాత నిజాం రాజ్యపు మిషన్ క్షేత్రాలను బట్టి పరిశీలించడం సమంజసం. బీదర్ వైపు అమెరికన్ మెథడిస్టులు, మెదక్, నిజామాబాద్‌ల వైపు బ్రిటిష్ వెస్లియన్లు పనిచేశారు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లియన్ సంఘాలు అందులో చేరి మెదక్ డయోసిస్, అనగా ఒక బిషప్పు పాలనలోని సంఘాల మండలం, కాగా, మెథడిస్టులు వేరుగానే ఉండిపోయారు.

శాఖలు వేరైనా అందరూ వల్లించేది పరలోక ప్రార్థననే. అందులోని విన్నపాలన్నిటిలో యేసు మళ్లీ ఎత్తుకొని వివరించింది క్షమాపణను గూర్చిన దానినొక్కటే అని మత్తయి 6వ అధ్యాయం చూపుతుంది. అయితే తోటివానిని మన్నించడం దైవక్షమకు చెల్లించే మూల్యం కాదు. మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానంలో రాజు పదివేల తలాంతుల అప్పును ముందే కొట్టివేశాడు, సేవకుడు నూరు దేనారాల కోసం తోటి సేవకుని గొంతు పట్టుకొన్నది ఆ తరువాతనే.

ఆదిసంఘం ఈ మన్నింపును మనస్సుకే వదలక క్రమశిక్షణగా మలచింది. తొలినాటి సంఘనియమ గ్రంథమైన దిదాఖే, తగవుపడినవారు సమాధానపడేవరకు ఆదివారపు కూటానికి రాకూడదన్నది. 3వ శతాబ్దపు సిరియాకు చెందిన దిదస్కాలియా, తగవుల విచారణను సోమవారమే చేపట్టాలని, అలాగైతే మరుసటి ఆదివారంలోగా అవి తీరే వీలుంటుందని నిర్దేశించింది. ఉపదేశం కంటే ఈ వారపు గడువే ఎక్కువ పనిచేసి ఉంటుందని భావించవచ్చు.

దక్షిణ ఇండియా సంఘం 1950లో వెలువరించిన ప్రభుభోజన ఆరాధనక్రమం ఈ ఆచారాన్ని, ఒకరికొకరు సమాధానం అందించుకొనే క్రియగా, మళ్లీ ఆచరణలోకి తెచ్చింది. కేరళ సిరియన్ క్రైస్తవుల పద్ధతిని అనుసరించి, సమాధానం ఇచ్చేవారు తమ కుడి అరచేతిని పుచ్చుకొనేవారి కుడి అరచేతికి ఆనించగా, ఇరువురూ ఎడమచేతులతో ఎదుటివారి కుడిచేతిని కప్పుతారు. ఆ సమాధానం బల్ల దగ్గర మొదలై వరుసవెంట వరుసగా సంఘమంతటికీ అందుతుంది. మెదక్ ప్రాంతపు క్రైస్తవులలో అత్యధికులు అంటరానితనాన్ని అనుభవించిన మాల, మాదిగ కులాలవారు కావడం వల్ల, చేతిలో చేయి వేయడమనే ఈ క్రియకు ఇక్కడ అదనపు బరువు ఉన్నది. దానిని మర్యాదపూర్వకమైన కరచాలనంగా తేల్చివేయడం పొరపాటు.

ఈ క్రియ కానుకలు తేవడానికి ముందు జరగడం మత్తయి 5వ అధ్యాయపు ఆజ్ఞకు అనుగుణమైనది: బలిపీఠం వద్ద కానుకను విడిచి, మొదట సహోదరునితో సమాధానపడాలి. రోమన్ కథోలిక సంఘం 1969 నాటి పూజాక్రమంలో దీనికి పరలోక ప్రార్థన తరువాతి స్థానమే ఇచ్చింది. 5వ శతాబ్దపు ఉత్తర ఆఫ్రికాలో అగస్టీను సంఘం పాటించిన స్థానమూ అదే.