ఆ ‘వాళ్లు’ ఎవరు? ఇంగ్లిషు పరీక్షల్లో పర్యావరణ పదజాలం, తెలుగు వాక్యం

ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్షలో రెండో ప్రశ్నకు 40 నిమిషాల్లో కనీసం 250 మాటల వ్యాసం రాయాలి. అడవుల నరికివేత, ప్లాస్టిక్ చెత్త, నగరాల కాలుష్యం, వాతావరణ మార్పు అక్కడ తరచూ ఎదురయ్యే అంశాలు. మూల్యాంకనానికి నాలుగు ప్రమాణాలు, నాలుగింటికీ సమాన విలువ. పదసంపద వాటిలో ఒకటి. ఆ నాలుగో వంతు కోసం శిక్షణ కేంద్రాలు సాధారణంగా విద్యార్థి చేతిలో పెట్టేది ఒక జాబితా: గ్రీన్‌హౌస్ గ్యాసెస్, కార్బన్ ఫుట్‌ప్రింట్, బయోడైవర్సిటీ, సస్టైనబుల్ డెవలప్‌మెంట్. తెలుగు మాతృభాషగా ఉన్నవారికి ఈ జాబితా ఎందుకు చాలదో, వారి అసలు ఇబ్బంది ఎక్కడుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన విద్యార్థికి నామవాచకాల కొరత లేదు. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశాల ఫలితంగా పర్యావరణ విద్య బడుల్లోకీ కళాశాలల్లోకీ వచ్చింది. డిగ్రీ స్థాయిలో ఆరు నెలల తప్పనిసరి పాఠ్యాంశాన్ని యూజీసీ రూపొందించింది. కాబట్టి ఎకోసిస్టమ్, ఓజోన్ లేయర్ వంటి మాటలు మన పట్టభద్రుడు ఏదో ఒక పరీక్షలో రాసే వచ్చాడు. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన విద్యావిషయక పదపట్టికలో 570 పద కుటుంబాలున్నాయి. ‘ఎన్విరాన్‌మెంట్’ వాటి మొదటి వర్గంలోనే ఉంది. అదీ అతనికి కొత్త కాదు.

నామవాచకాల్లో చిక్కులు అసలే లేవని కాదు. వెదర్, క్లైమేట్, అట్మాస్ఫియర్ మూడింటికీ మనం ‘వాతావరణం’ అనే అంటాం కనుక ‘వెదర్ చేంజ్’ అని రాసేవారున్నారు. ‘పొల్యూషన్స్’ అని బహువచనం తగిలించేవారూ ఉన్నారు. ఇవి ఒక పూట కూర్చుంటే సరిదిద్దుకోగల తప్పులు. అంత సులువుగా లొంగనిది వాక్యంలో కర్త సంగతి.

తెలుగులో ఇలా అంటాం: అడవులు నరికేస్తున్నారు. చెరువులు పూడ్చేస్తున్నారు. ఫ్యాక్టరీ నీళ్లు వాగులోకి వదిలేస్తున్నారు. ఎవరు? చెప్పం, వినేవారూ అడగరు. క్రియ చివరి ‘రు’ ఆ భారం మోస్తుంది. ఎవరో కొందరు అన్నంత మేరకు అర్థం అందుతుంది, వాక్యంలో లోటూ కనిపించదు. ఇంగ్లిషు క్రియ అలా కర్త లేకుండా నిలబడదు. అందుకే మన విద్యార్థి ఖాళీని ‘దే’తో నింపుతాడు: ‘దే ఆర్ కటింగ్ ది ఫారెస్ట్స్.’ కబుర్లలో ఇంగ్లిషువారూ ఇలాంటి ‘దే’ వాడతారు. గంభీరమైన వ్యాసంలో మాత్రం ఆ మాట ముందు వాక్యంలోని ఎవరినో సూచించాలి. సూచించకపోతే దెబ్బ తగిలేది పదసంపదకు కాదు, అన్వయానికి సంబంధించిన మరో ప్రమాణానికి. పదాల జాబితా బట్టీపట్టి వచ్చిన విద్యార్థికి మార్కు ఎక్కడ పోయిందో తెలియకపోవడానికి ఇదొక కారణం.

ఈ ఖాళీని పూడ్చడానికి ఇంగ్లిషులో ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది కర్మణి ప్రయోగం. ‘నరకబడుచున్నవి’ అనే తరహా వాక్యం మన నోట పలకదు. ‘బడు’ ధాతువు పాత పాఠ్యపుస్తకాల్లోనూ సర్కారు ప్రకటనల్లోనూ బతికిందే తప్ప ఇళ్లలోకి రాలేదు. రెండో దారి క్రియను నామంగా మార్చడం. నరికే పని ‘డీఫారెస్టేషన్’, తరిగిపోవడం ‘డిప్లీషన్’, కలుషితం కావడం ‘కంటామినేషన్’ అవుతాయి. పరీక్ష కోరే పర్యావరణ పదజాలంలో పెద్ద భాగం ఇలా క్రియల నుంచి పుట్టినదే. శిక్షణ జాబితాలు వీటిని వస్తువుల పేర్లలా వల్లె వేయిస్తాయి. నిజానికి ఇవి మడిచిపెట్టిన వాక్యాలు.

మడవడం వల్ల ఒరిగేదేమిటో కొల్లేరు ఉదాహరణతో చూద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించింది. మామూలు విద్యార్థి ఈ కథను ఇలా రాస్తాడు: వాళ్లు సరస్సులో చేపల చెరువులు తవ్వారు, గట్లు వేశారు, వరద నీరు ఉప్పుటేరు వైపు సాఫీగా పోవడం లేదు, ఎగువ పొలాలు మునుగుతున్నాయి. నాలుగూ నిజాలే, ఒకదానికొకటి అతకలేదు. మొదటి రెండింటినీ ‘ఎన్‌క్రోచ్‌మెంట్’ అనే ఒక్క మాటలోకి మడిస్తే ‘దిస్ ఎన్‌క్రోచ్‌మెంట్’ తర్వాతి వాక్యానికి కర్త అవుతుంది. ఆ కర్త ప్రవాహాన్ని ‘అబ్‌స్ట్రక్ట్’ చేస్తుంది, ముంపును ‘వర్సెన్’ చేస్తుంది. ‘వాళ్లు’ ఎటుపోయారో ఎవరికీ పట్టదు. పదం ఒకటే అయినా పదసంపదకూ అన్వయానికీ రెండింటికీ మేలు చేసింది.

అయితే మడిచిన మాటను నడిపించేది క్రియ. పదాన్ని దాని సావాసాన్ని బట్టి గుర్తించాలని జె.ఆర్. ఫిర్త్ 1957లో చెప్పిన సూత్రం పరీక్షల ప్రమాణాల్లోకీ చేరింది. ఐఈఎల్‌టీఎస్ 7వ బ్యాండు వివరణలో, అంతగా వాడుకలో లేని మాటలను శైలీ సహప్రయోగమూ కొంతైనా ఎరిగి వాడటం ఒక లక్షణం. మనకు ‘చేయు’, ‘నివారించు’ అనే రెండు క్రియలతో సంసారం గడిచిపోతుంది. అందుకే ‘అవాయిడ్ పొల్యూషన్’ అని రాస్తాం. దానికి కాలుష్యం నుంచి తప్పించుకు తిరగమనే అర్థం వస్తుంది. అరికట్టడానికి ‘ప్రివెంట్’, తగ్గించడానికి ‘రెడ్యూస్’ కావాలి. ఎమిషన్స్‌కు ‘కర్బ్’, క్లైమేట్ చేంజ్‌కు ‘టాకిల్’, హాబిటాట్స్‌కు ‘డిస్ట్రాయ్’ పొసగుతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1990లో గ్రీసు దేశంలోని థెస్సలోనికిలో జరిగిన అనువర్తిత భాషాశాస్త్ర మహాసభలో మైకేల్ హాలిడే ఇంగ్లిషు వ్యాకరణాన్నే తప్పుపట్టారు. గాలి, నీరు వంటి మాటలను అది లెక్కకందని రాశులుగా చూస్తుందని, అవి తరగనివన్న భావన అందులోనే ఇమిడి ఉందని ఆయన వాదన. పర్యావరణ భాషాశాస్త్రం ఈ విమర్శను ముందుకు తీసుకెళ్లి, క్రియను నామంగా మడిచినప్పుడు చేసినవాడు కనబడకుండా పోతాడని కూడా చూపింది. ‘డీఫారెస్టేషన్ పెరిగింది’ అంటే అదేదో ఎండ పెరిగినట్టే ఉంటుంది! మన ‘నరికేస్తున్నారు’లో కనీసం ఎవరో ఒకరు చేస్తున్నారన్న నింద మిగిలి ఉంటుంది. ఆ విషయంలో మన వాక్యమే నిజాయితీగలదని నా అభిప్రాయం. పరీక్ష దృష్టితో చూసినా, కారణాలూ పరిష్కారాలూ అడిగే ప్రశ్నకు కర్తను తప్పించి జవాబు రాయడం కుదరదు. ఎన్‌క్రోచ్‌మెంట్ ఎవరిదో, దాన్ని ఆపాల్సింది స్థానిక సంస్థో రాష్ట్ర ప్రభుత్వమో చెప్పాలి. మడవడంతో పాటు విప్పడమూ రావాలి.

ఇందుకు ముడిసరుకు తెలుగు దినపత్రికలోనే ఉంది. చెరువుల ఆక్రమణ, చెట్ల నరికివేత, అక్రమ కట్టడాల కూల్చివేత వంటి శీర్షికలు క్రియను మడిచినవే. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ ‘పూడికతీత’ను ఊరూరా తెలిసిన మాట చేసింది. ‘డీసిల్టింగ్’ను అక్కడి నుంచి నేర్పితే వల్లె వేయించే పని ఉండదు. రోజూ ఒక శీర్షికను పూర్తి వాక్యంగా విప్పించి, ఎవరు చేశారో రాయించి, ఆపై ఇంగ్లిషులో రెండు తీర్లుగానూ చెప్పించడం తరగతిలో చేయదగిన అభ్యాసం.

శిక్షణ కేంద్రాలు జాబితాలోని నామవాచకాలను సగానికి తగ్గించినా నష్టం లేదు. మిగిలిన ప్రతి మాట పక్కన దానితో పొసగే రెండు క్రియలూ, ఆ పనికి బాధ్యుడైన ఒక కర్తా చేర్చి ఇస్తే చాలు.