ఆమె రాణిని ఏమడిగింది?

రెండేళ్ళ క్రితం మా ఊరి సాహిత్య సమావేశంలో సముద్రాన్ని ఏలిన స్త్రీల గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను ఐర్లండు పడమటి తీరానికి చెందిన గ్రాన్య ని వాల్య కథ ఎత్తుకున్నాను. జుట్టు కత్తిరించుకుని తండ్రి ఓడ ఎక్కిన పిల్ల, బురుజు పై అంతస్తులో మంచపు కోడుకి ఓడ తాడు కట్టుకుని పడుకున్న నాయకురాలు, ఎలిజబెత్ రాణి కొలువులో ఎవరో ఇచ్చిన చేతిరుమాలుతో ముక్కు చీది దాన్ని మంటలో పారేసిన గడుసుమనిషి - అన్నీ చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అంతా అయ్యాక వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "అదంతా సరే నాయనా, అంత దూరం ఓడేసుకుని పోయి ఆవిడ రాణిని ఏమడిగింది?" అన్నారు.

"కొడుకుని విడిచిపెట్టమని" అన్నాను గాని, అంతకు మించి నాకేమీ తెలియదని నాకే తెలిసిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే, నేను చెప్పిన కథలో చాలా భాగం రాలిపోయింది. మిగిలినది మాత్రం అంతకన్నా గట్టిది. ఆ బాకీ తీర్చుకోడానికే ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషువాళ్ళు ఆమెను గ్రేస్ ఓమాలీ అన్నారు. ఐరిష్ భాషలో 'ఓ' అంటే మనవడు, ఆ వంశపు మగవాడు అని అర్థం. ఆడపిల్ల అయితే 'ని' అనాలి. ఇంగ్లీషు కాగితాల్లో ఆమె పేరు ఒక్కోచోట ఒక్కోలా పడింది. చివరికి మగవాడి ఇంటిపేరుతో స్థిరపడింది. ఇంటిపేర్లు పొడి అక్షరాలైపోయి, రికార్డుల్లో ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్ళు రాసుకున్న మన కుటుంబాలకు ఇది వింతేమీ కాదు.

మేయో జిల్లాలో క్లూ బే అనే అఖాతం వుంది. ఏడాదికెన్ని రోజులో అందులో అన్ని దీవులని అక్కడివారి వాడుక. దీవుల మధ్య లోతు తక్కువ. దారి తెలిసినవాడికే దారి. ఆ అఖాతపు ఉత్తరపు ఒడ్డున, న్యూపోర్టుకు దగ్గరలో, ఒక చిన్న పాయ పక్కన రాక్‌ఫ్లీట్ బురుజు నిలబడి వుంది. నాలుగు అంతస్తులు, సుమారు 60 అడుగుల ఎత్తు, చదరపు రాతి కట్టడం. పోటు సమయంలో నీళ్ళు గోడల దాకా వస్తాయి. లోపల ఇరుకైన మెలి మెట్లు. పై అంతస్తులో పొయ్యి వున్న గది - కుటుంబం కాపురమున్నది అక్కడే. ఆ గది గోడకున్న సన్నని రంధ్రాన్ని చూపించే ఓడ తాడు కథ చెబుతారు. అఖాతపు ముఖద్వారాన క్లేర్ దీవిలో ఒక బురుజు, అకిల్ జలసంధి పక్కన కిల్డావ్‌నెట్‌లో మరొకటి వున్నాయి. ఈ బురుజుల మధ్య సముద్రమే వాళ్ళ పొలం. చేపల వేట, స్పెయిను దాకా వ్యాపారం, తమ నీళ్ళలో వేటకు వచ్చే పరాయివాళ్ళ నుంచి సుంకం, గాల్వే రేవుకు పోయే సరుకు ఓడల నుంచి బలవంతపు వసూలు - ఇవీ ఓమాలీల రాబడి. ఆఖరిదాన్ని గాల్వే వర్తకులు దోపిడీ అన్నారు. ఆ పట్టణమేమో 'ఓ', 'మాక్' పేర్లవాళ్ళు తమ వీధుల్లో తిరగరాదని కట్టడి చేసుకున్న పట్టణం. ఎవరి న్యాయం వారిది.

గ్రాన్య సుమారు 1530లో పుట్టింది. తండ్రి ఓవెన్ దువదారా ఆ ప్రాంతపు నాయకుడు. మొదటి పెళ్ళి 1546 ప్రాంతంలో ఓఫ్లహర్టీల డోనాల్‌తో జరిగింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. వంశ కలహాల్లో డోనాల్ చచ్చిపోయాడు. ఆమె తన వెంట వచ్చిన మనుషులతో క్లేర్ దీవికి తిరిగి వచ్చింది. 1566 ప్రాంతంలో 'ఇనుప రిచర్డ్' అని పేరుపడ్డ బర్క్‌ను పెళ్ళాడింది. రాక్‌ఫ్లీట్ అతనిదే. ఒక్క ఏడాదికే ఒప్పందమని, ఏడాది కాగానే తలుపులు మూసి పైనుంచి "నిన్ను వదిలేశాను" అన్నదని కథ. కాని 1577లో రాణి ప్రతినిధి సర్ హెన్రీ సిడ్నీ గాల్వే వచ్చినప్పుడు ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకునే వెళ్ళి, మూడు ఓడలు, 200 మంది యోధులు ఇస్తానన్నది. నేలమీదా నీటిమీదా ఆమెదే పైచేయి అని సిడ్నీ రాసుకున్నాడు. 1583లో రిచర్డ్ పోయేదాకా ఆమె అతని భార్యే. కాబట్టి ఆ విడాకుల కథ, జరిగినా, నిలవలేదు.

బురుజు బలం 1574 మార్చిలో తేలింది. కెప్టెన్ విలియం మార్టిన్ నాయకత్వాన ఇంగ్లీషు దళం గాల్వే నుంచి సముద్రం మీదుగా వచ్చి రాక్‌ఫ్లీట్‌ను ముట్టడించింది. ఆమె ఎదురు తిరిగి తరిమితే ఆ నెలలోనే వెనక్కి పోయారు. 1577లో మాత్రం దెస్మండ్ ప్రభువు భూముల మీద దాడికి పోయి పట్టుబడి, లిమెరిక్‌లోనూ, తర్వాత డబ్లిన్‌లోనూ ఖైదులో వుండి 1579లో బయటపడింది.

అసలు కష్టం 1584లో సర్ రిచర్డ్ బింగమ్ కొనాట్ రాష్ట్రానికి పాలకుడిగా రావడంతో మొదలైంది. 1586లో ఆమె పెద్దకొడుకు ఓవెన్‌ను బింగమ్ మనుషులు పట్టుకుని చంపారు. ఆమెనూ పట్టుకున్నారు, ఉరికొయ్య కూడా నిలబెట్టారు; అల్లుడు హామీ వుంటే వదిలారు. ఆమె పశువులు పోయాయి. నలభై ఏళ్ళుగా ఆ రాష్ట్రంలో జరిగిన ప్రతి తిరుగుబాటుకీ ఈమే దాది అని బింగమ్ పైకి రాశాడు. రెండో కొడుకు మరో బింగమ్‌తో చేతులు కలపలేదు, ఇదే బింగమ్ పక్షాన చేరాడు. తల్లి ఊరుకోలేదు. ఓడలు కట్టుకుని పోయి కొడుకు ఊరు తగలబెట్టి, పశువులు తోలుకుని వచ్చింది. సభలో ఈ ముక్క నేను దాటేశాను. వీరవనిత కథలో ఇది ఇమడదనిపించింది కాబోలు.

ఇప్పుడు పెద్దావిడ ప్రశ్న దగ్గరకు వస్తాను.

1593 వేసవిలో గ్రాన్య రాణికి అర్జీ పెట్టింది. మిగిలిన కొద్ది రోజులు బతకడానికి మనోవర్తి ఇప్పించమన్నది. తన కొడుకుల భూములను రాణికి అప్పగించుకుని, శిస్తు కట్టే షరతు మీద మళ్ళీ వాళ్ళకే ఇమ్మన్నది. ఆ పైన, రాణి శత్రువుల మీద కత్తితో, నిప్పుతో దండెత్తడానికి, మధ్యలో ఎవరూ అడ్డుపడకుండా తనకు అనుమతి ఇమ్మన్నది. ఆ ఆఖరి కోరికను జాగ్రత్తగా చూడండి. అనుమతి దొరికితే ఆమె ఓడలు మళ్ళీ బయలుదేరతాయి, బింగమ్ నోరు మెదపలేడు. శత్రువెవరో తేల్చేది సముద్రం మీద ఆమే గదా! ఈలోగా చిన్నకొడుకు టిబట్‌ను, సవతి తమ్ముణ్ణి బింగమ్ చెరలో వేశాడు. ఇక కాగితాల మీద నమ్మకం పెట్టుకోక తనే లండన్ బయలుదేరింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి.

రాణి మంత్రి బర్లీ ఆమెకు పద్దెనిమిది ప్రశ్నలు పంపాడు. తల్లిదండ్రులెవరు, మొగుళ్ళెవరు, పిల్లలెవరు, చుట్టుపక్కల భూములెవరివి - ఇలా. అందులో ఒకటి, మీ ఆచారం ప్రకారం నాయకుడు చనిపోతే భార్యకు వచ్చేదేమిటని. ఇంగ్లీషు చట్టంలో విధవకు మూడోవంతు వుంది. ఐరిష్ నాయకుల ఆచారంలో ఆ మూడోవంతు లేదని ఆమె చెప్పింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది మాత్రం తిరిగి ఇవ్వాలి. మన స్త్రీధనం లాంటిదన్నమాట. కాని నాయకులు ఖర్చుమనుషులు, అప్పులతో పోతారు. ముందుగా పూచీదార్లను పెట్టుకోకపోతే అదీ దక్కదని వివరించింది. తనకు ఇద్దరు మొగుళ్ళ భూముల్లోనూ భాగం రాలేదు. రిచర్డ్ పోయాక తనవాళ్ళతో, వెయ్యి ఆవులూ గుర్రాలతో రాక్‌ఫ్లీట్‌లో స్థిరపడితే, వాటిని బింగమ్ ఊడ్చుకుపోయాడు.

ఓడ దొంగ అని ప్రభుత్వం రాసుకున్న మనిషి, అడిగినప్పుడు చెప్పుకున్నది విధవ హక్కు గురించి. ఏ ఆచారాన్ని కాపాడడానికి పోరాడిందని మనం అనుకుంటామో, ఆ ఆచారంలో తనకు జరిగిన లోటును ఆ ఆచారాన్ని తుడిచేసే ప్రభుత్వం ముందే చెప్పుకుంది. దీన్ని లొంగుబాటు అందామా? పైన ఆవిడ కత్తికి అనుమతి అడిగిన సంగతి మరిచిపోకూడదు. ఏ న్యాయస్థానంలో తనకు కాస్త దొరుకుతుందో ఆ తలుపు తట్టింది. రెండు చట్టాల మధ్య బతికేవాళ్ళు చేసే పనే అది.

గ్రీనిచ్ భవనంలో ఇద్దరూ కలుసుకున్నారు. లాటిన్‌లో మాట్లాడుకున్నారని పరంపర. రుమాలు కథకు ఆధారం లేదు. ఉన్నది 1593 సెప్టెంబరు 6న రాణి బింగమ్‌కు రాసిన ఉత్తరం. కొడుకునీ తమ్ముణ్ణీ వదలమని, ముసలితనంలో ఆమె బతుకుతెరువుకు కొడుకుల భూముల రాబడి నుంచి ఏర్పాటు చేయమని ఆజ్ఞ. ఖైదీలను బింగమ్ వదిలాడు. మిగతాది నానబెట్టి, ఆమె ఇలాకాలోనే సైనికులను మేపడానికి దింపాడు. 1595లో ఆమె మళ్ళీ అర్జీ పెట్టుకోవలసి వచ్చింది.

ఆమె 1603 ప్రాంతంలో పోయింది. ఎలిజబెత్ పోయిందీ 1603లోనే. టిబట్ 1601లో కిన్‌సేల్ యుద్ధంలో ఇంగ్లీషు పక్షాన నిలిచి, 1627లో వైకౌంట్ మేయో అయ్యాడు. 1632-36 మధ్య ఐరిష్ పండితులు కూర్చిన పెద్ద రాజవృత్తాంతంలో తల్లి పేరు లేదు. ఆమెను నిలబెట్టినవి రెండే: ఆమెను నమ్మని ప్రభుత్వం దాచుకున్న కాగితాలు, ఆమె తీరపు జనం నోటిలోని కథలు. కాగితాలు ఆమె ఏమడిగిందో చెప్పాయి. కథలు ఆమెను ఎవరూ మరిచిపోకుండా చూశాయి. కథలు లేకపోతే నేనూ ఆ కాగితాల దాకా పోయేవాణ్ణి కాదు. అందుకని వాటిని చెప్పినందుకు నాకు విచారం లేదు, వాటి దగ్గరే ఆగిపోయినందుకే వుంది.

ఆ పెద్దావిడ ఈ పత్రిక చదువుతారు. అమ్మా, ఆవిడ రాణిని అడిగింది కొడుకునీ, తమ్ముణ్ణీ, తన తిండినీ, తన ఓడలకు దారినీ. సగం దొరికింది. మిగతా సగానికి మళ్ళీ అర్జీ పెట్టింది.