శ్రీహరికోట నుంచి ఎగిరిన వంద మీటర్ల తీగ



2017 జూన్ 23, పొద్దున్న 9:29. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ38 లేచింది. వార్తల్లో కార్టోశాట్ పేరే వినపడింది గానీ, దాంతోపాటు ఇంకో 30 చిన్న ఉపగ్రహాలు వెళ్లాయి. అందులో ఒకటి ఫిన్లాండ్‌లో ఆల్టో యూనివర్సిటీ స్టూడెంట్స్ చేసిన ఆల్టో-1. బరువు నాలుగు కిలోలు, అంటే ఓ పెద్ద పూతరేకుల డబ్బా అనుకోండి. దాని కడుపులో వెంట్రుక కన్నా సన్నటి తీగ, 100 మీటర్లు, రీలుకి చుట్టి ఉంది. ఈ ఎపిసోడ్ ఆ తీగ గురించే.

పని అయిపోయిన ఉపగ్రహం కిందికి రాకపోతే అక్కడే చెత్తగా తిరుగుతుంది. 800 కిలోమీటర్ల పైన అయితే వందేళ్లు దాటినా ఉండిపోవచ్చు. ఇంత చిన్నదానికి ఇంజినూ, ఇంధనమూ ఎక్కడ పెడతాం?

మన గోదాట్లో పడవ వెనక పొడుగు తాడు వదిలేస్తే పడవ నెమ్మదిస్తుంది కదా. పైన నీళ్లు లేవు, గాలి కూడా నామమాత్రం. కానీ ప్లాస్మా ఉంది, అంటే చార్జ్ ఉన్న అయాన్లు, ఎలక్ట్రాన్లు. తీగకి వెయ్యి వోల్టుల దాకా నెగటివ్ చార్జ్ ఇస్తే, సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో ఎదురయ్యే అయాన్లు దాని పక్కన దారి తప్పి వంగుతాయి. వంగినప్పుడల్లా ఉపగ్రహం వేగాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. కరెంటు సోలార్ ప్యానెల్ ఇస్తుంది. దీన్నే ప్లాస్మా బ్రేక్ అంటారు.

ఆలోచన ఫిన్లాండ్ వాతావరణ సంస్థలో పనిచేసే పెక్కా యాన్‌హునెన్‌ది. ఆయన ముందు అనుకున్నది బ్రేక్ కాదు, తెరచాప. భూమికి దూరంగా, పొడుగాటి తీగలకి పాజిటివ్ చార్జ్ ఇస్తే సూర్యుడి నుంచి వీచే ప్రోటాన్లు నెడతాయి. ఒక్కో తీగ వోల్టేజీ మార్చుతూ ఓడని తిప్పుకోవచ్చు. నాకైతే బ్రేక్ కన్నా ఇదే ముచ్చటగా ఉంటుంది.

మరి పనిచేసిందా? ఇక్కడే తిప్పలండీ, ఆయ్! ఆల్టో-1లో తీగ బయటికే రాలేదు. అంతకు ముందు 2013లో వెళ్లిన ఎస్టోనియా స్టూడెంట్స్ ఉపగ్రహం ఎస్ట్‌క్యూబ్-1లో ఉన్నది పది మీటర్లే, అందులోనూ రీలు తిరగలేదు. వాళ్లదే ఎస్ట్‌క్యూబ్-2 అయితే 2023లో రాకెట్ నుంచే విడిపోలేదు.

పెద్దవాళ్లకీ ఇదే గోల. 1992లో షటిల్ నుంచి వదిలిన టెథర్, అంటే ఆ పొడుగాటి కేబుల్, రీలు యంత్రాంగానికి ఓ బోల్టు అడ్డొచ్చి 260 మీటర్ల దగ్గర ఆగిపోయింది. 1996లో అయితే దాదాపు 20 కిలోమీటర్లు బయటికొచ్చింది. అది వేరే రకం లెండి, భూమి అయస్కాంత క్షేత్రంలో కదులుతూ కరెంటు పుట్టించేది. మూడున్నర వేల వోల్టులు పుట్టాయి, నిప్పురవ్వ లేచి కేబులే తెగింది. చూశారా, ఫిజిక్స్ మోసం చేయలేదు. కాగితం మీద లెక్క రాసినవాళ్లకన్నా, రీలు చేసేవాళ్ల పనే కష్టం అనిపిస్తుంది నాకు.

ఇస్రో కూడా చెత్త విషయం పట్టించుకుంటోంది. పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి దశని 350 కిలోమీటర్లకి దించారు, అది 2024 మార్చిలో వాతావరణంలోకి వచ్చేసింది. కానీ దానికి ఇంజిన్ ఉంది. నాలుగు కిలోల డబ్బాకి లేదు.