కూషు కొండలలోని ఇశ్రాయేలు ఇంటివారు

ఐతియొపియా అనగానే మన సంఘస్థులకు అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములోని నపుంసకుడు, రథములో కూర్చుండి యెషయా గ్రంథము చదువుకొనిన ఆ మనుష్యుడు, జ్ఞాపకమునకు వచ్చును. నిజమునకు కందాకే రాణి ఏలిన రాజ్యము నేటి సూడానులోని మెరోయె అని పండితులు చెప్పుదురు. ఇప్పుడు ఐతియొపియా అని పిలువబడు దేశము దానికి ఆగ్నేయమున నున్న ఎత్తయిన పీఠభూమి. ఆ దేశపు వాయవ్య భాగమున, గోందరు పట్టణము చుట్టుపట్లను సెమియెను పర్వతములలోను, తమ్మును తాము "బేత ఇశ్రాయేలు", అనగా ఇశ్రాయేలు ఇంటివారు, అని పిలుచుకొనిన ఒక జనము అనేక శతాబ్దములు నివసించెను. తక్కిన యూదులలో బహు కొద్దిమందికే వారి సంగతి వినికిడి. వారైతే లోకములో తాము తప్ప యూదులే లేరనుకొనిరి. ప్రియ చదువరులారా, వారి చరిత్రలో క్రైస్తవ మిషను పనికిని ఒక పాలు గలదు. ఆ పాలు అంతయు సంతోషకరమైనది కాదు గనుకనే దానిని దాచక చెప్పుకొనవలెను.

వీరెక్కడనుండి వచ్చిరి? సొలొమోనునకును షేబదేశపు రాణికిని పుట్టిన మెనెలిక్కుతో కూడ వచ్చిన ఇశ్రాయేలీయుల సంతతి యని ఒక కథ. ఐతియొపియా క్రైస్తవ రాజులును తమ సింహాసనమునకు ఈ కథనే ఆధారముగా చూపిరి. దాను గోత్రికులని మరియొక మాట. 16వ శతాబ్దములో ఐగుప్తు దేశపు గొప్ప రబ్బీ దావీదు ఇబ్ను జిమ్రా, కూషునుండి చెరపట్టబడి వచ్చిన ఒక స్త్రీని గూర్చి విచారించి, ఆమె జనులు దాను గోత్రపు యూదులే యని వ్రాసెను. ఈ కాలపు చరిత్రకారులలో అనేకులు వేరుగా తలంచుచున్నారు. 14వ శతాబ్దము మొదలు 16వ శతాబ్దము వరకు ఆ దేశములోనే, పాత నిబంధనను గట్టిగా పట్టుకొనిన జనులలోనుండి ఈ సమాజము రూపుదిద్దుకొనెనని వారి మాట. అది అసంభవము కాదు. ఐతియొపియా క్రైస్తవ సంఘమువారు సహితము 8వ దినమున సున్నతి చేయుదురు, పంది మాంసము ముట్టరు, ఆదివారముతోపాటు శనివారమును గౌరవింతురు. వంశావళి ఎటులున్నను, వీరు దేనిని పట్టుకొని బ్రదికిరో అది మాత్రము స్పష్టముగా నున్నది.

వారి ధర్మశాస్త్రమునకు "ఒరీతు" అని పేరు. అది హెబ్రీ భాషలో లేదు. ఆ దేశపు క్రైస్తవులు ఆరాధనలో వాడు గీజు భాషలోనే యున్నది. వారికి హెబ్రీ రాదు, తల్మూదు తెలియదు. మక్కబీయుల కాలపు ఆలయ ప్రతిష్ఠ పండుగయైన హనుక్కాను వారెరుగరు. పస్కా నాడు మాత్రము నిజముగా గొఱ్ఱెపిల్లను వధించుచుండిరి. శుక్రవారము సూర్యుడు అస్తమింపకమునుపే పొయ్యిలో నిప్పు ఆర్పివేసి, విశ్రాంతిదినమున చల్లారిన భోజనమునే తినుచుండిరి. "కేసు" అనబడు యాజకులును, యూదులలో మరెక్కడను కానరాని సన్యాసులును వారికుండిరి. సంవత్సరమునకొకసారి, ప్రాయశ్చిత్తదినమునకు 50 దినముల తరువాత, "సిగ్దు" అను పండుగనాడు ఉపవాసముండి, కొందరు తలలపై రాళ్లు మోసికొనుచు కొండ యెక్కి, యెరూషలేము తట్టు తిరిగి సాగిలపడుచుండిరి. నెహెమ్యా గ్రంథములో చెరనుండి తిరిగివచ్చినవారు కూడుకొనిన కూటమును తలంచుకొని చేయు ఆచారమిది.

15వ శతాబ్దపు ఆదిలో ఏలిన యెషాకు రాజు, బాప్తిస్మము పొందినవాడే తండ్రి భూమిని అనుభవింపవలెనని, కానివాడు "ఫలాసి", అనగా నిలువనీడ లేనివాడు, కావలెనని శాసించెనని ఆ దేశపు చరిత్రలలో నున్నది. "ఫలాషా" అను పేరు దానినుండియే వచ్చెనని చెప్పుదురు. వారు ఆ పేరును ఎన్నడును ఇష్టపడలేదు. 17వ శతాబ్దములో సుసెన్యోసు రాజు వారి కొండకోటలను పట్టుకొనిన తరువాత వారికి స్వాతంత్ర్యమును పోయెను. భూమి లేనివారై కమ్మరము, కుమ్మరము, నేత, తాపీ పనులతో బ్రదికిరి. నాగటి కఱ్ఱు వారే కాచి ఇయ్యవలెను, కుండ వారే చేయవలెను. అయినను కొలిమి దగ్గర పనిచేయువానికి చెడుకన్ను గలదనియు, రాత్రివేళ దుమ్ములగొండిగా మారి తిరుగుననియు ఇరుగుపొరుగువారు భయపడిరి. వీరును పైవారిని తాకినయెడల స్నానము చేయకుండ ఇంటిలో అడుగు పెట్టరు. మన పల్లెలను ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇట్టి స్థితిలో మిషనెరీలు వచ్చిరి. బాసెలు దగ్గరి సెంటు క్రిషోనా నుండి ఫ్లాడు దొర 1855లో ఆ దేశమునకు వచ్చెను. 1860లో, యూదుల మధ్య సువార్త పనికై ఏర్పడిన లండను సొసైటీవారు హెన్రీ ఆరోను స్టెర్నును పంపిరి. స్టెర్ను జర్మనీలో యూదుడుగా పుట్టి క్రైస్తవుడైనవాడు. వీరు అమ్హారికు భాషలో లేఖనములను పంచిరి, బడులు పెట్టిరి. అయితే తెవోద్రోసు చక్రవర్తి ఒక షరతు పెట్టెను: మారినవారు ఐతియొపియా సంఘములోనే బాప్తిస్మము పొందవలెను. అనగా బోధ ఒకరిది, బాప్తిస్మము మరియొకరిది. 1863లో చక్రవర్తి స్టెర్నును సంకెళ్లలో వేయించెను. 1868లో మన దేశమునుండి వెళ్లిన నేపియరు సేన మగ్దలా కోటను పట్టుకొనువరకు అతనికి విడుదల లేదు. ఆ మీదట తెల్ల మిషనెరీలు లేకయే, స్థానిక బోధకుల చేత ఆ పని సాగెను.

బాప్తిస్మము పొందినవారిలో కొందరు లేఖనములను చదివి, మనసార నమ్మిరి; దీనిని సందేహింపనక్కరలేదు. కొందరు చెడుకన్ను అపవాదు తొలగునని, సాగుభూమి దొరకునని వచ్చిరి. 1888 మొదలు 1892 వరకు పశువుల తెగులు వచ్చి దున్నుటకు ఎద్దులు లేక, దేశమంతయు ఘోరమైన కరవు పాలయ్యెను. ఆ కాలమునకు "కిఫు కెను", చెడ్డ దినములు, అని పేరు. అప్పుడు అనేకులు చనిపోయిరి, అనేకులు క్రైస్తవులైరి. ఒంగోలులో క్లౌ దొర 1876-78 కరవు నడిచినంత కాలము బాప్తిస్మములు ఆపివేసి, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మందికి ఇచ్చిన సంగతి మనవారికి తెలిసినదే. ఆకలిగొన్నవాని విశ్వాసమును తూచుట ఎంత కష్టమో ఆయన ఎరిగెను. గోందరు ప్రాంతమున అట్టి ఆలస్యము ఎవరును చేయలేదు.

మిషను బోధకు కలతపడి 1862లో అబ్బా మహరి అను సన్యాసి జనులను కూడగట్టుకొని, ఎఱ్ఱసముద్రము తమ యెదుట పాయలగునను నమ్మికతో, కాలినడకను యెరూషలేమునకు బయలుదేరెను. సముద్రము చేరకమునుపే ఆకలికిని రోగములకును అనేకులు కూలిరి. మిగిలినవారిలో కొందరు తిగ్రేలో నిలిచిపోయిరి, కొందరు వెనుకకు వచ్చిరి. కొద్దికాలమునకు, 1867లో, జోసెఫు హలేవీ అను ఫ్రెంచి యూదు పండితుడు వారిని వెదకుచు వచ్చి తానును యూదుడనని చెప్పగా, తెల్ల యూదుడుండునా అని వారు నమ్మకపోయిరి. యెరూషలేము పేరు ఎత్తిన తరువాతనే వారి అనుమానము తీరెను. ఆయన శిష్యుడు ఫైత్లోవిచు 1904లో వచ్చి వారికి విద్య చెప్పించుటకు పూనుకొనెను. అతడు చేరదీసిన యువకుడు తామ్రాతు ఎమ్మానుయేలు, బాప్తిస్మము పొందిన కుటుంబమువాడై అస్మారాలోని స్వీడిషు మిషను బడిలో చదువుకొనినవాడు. తరువాత అడ్డిసు అబాబాలో యూదు బడికి పెద్దగా నుండెను.

1973లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరైన ఒవాదియా యోసేపు, ఇబ్ను జిమ్రా వ్రాసిన పాత తీర్పును ఆధారము చేసికొని వీరు యూదులే యని ప్రకటించెను. యుద్ధమును కరవును తరుమగా వేలమంది కాలినడకను సూడానుకు పోయి, శిబిరములలో తాము యూదులమని తెలియనీయక దాగియుండిరి. దారిలోను శిబిరములలోను దాదాపు 4,000 మంది చనిపోయిరి. 1984 నవంబరు నుండి 1985 జనవరి వరకు రహస్యముగా విమానములలో వేలమందిని తీసికొనిపోయిరి. 1991 మే 24, 25 తేదీలలో అడ్డిసు అబాబా నుండి 36 గంటలలో 14,000 మందికి పైగా చేరవేసిరి. వెళ్లినవారికి అక్కడ మరియొక దెబ్బ తగిలెను. వారి యూదత్వము పూర్తిగా నిశ్చయము కాదు గనుక నీటిలో మునుగవలెనని 1985లో అక్కడి రబ్బీలు కోరిరి. శతాబ్దములు బాప్తిస్మమును కాదని నిలిచిన జనము గదా! వారు యెరూషలేములో రబ్బీల కార్యాలయము ఎదుట నెల దినములు కూర్చుండి నిరసన తెలిపిరి.

1991లో ఆ విమానములు ఎక్కనీయక నిలిపివేసిన వేలమంది ఉండిరి. వారు బాప్తిస్మము పొందినవారి మనుమలు, మునిమనుమలు. వారిని "ఫలాషు ముర" అందురు. తాతలు ఎందుకు మునిగిరో అడుగుటకు తాతలు లేరు. పల్లెలోని క్రైస్తవులు వారిని ఫలాషాలనిరి, విమానాశ్రయమున అధికారులు క్రైస్తవులనిరి. వారిని చేర్చుకొని కాపాడవలసిన సంఘము మాటైనను వినబడలేదు. ఒక పాదిరిగా ఇది నాకు బాధ కలిగించుచున్నది. తరువాతి సంవత్సరములలో యూదు మతములో తిరిగి ప్రవేశింపవలెనను షరతు మీద వారిలో వేలకొలది మందిని ఇశ్రాయేలునకు రానిచ్చిరి. 2020 చివర నుండి 2023 వరకును కొన్ని వేలమంది వెళ్లిరి. తక్కినవారు పల్లెలు విడిచి గోందరులోను అడ్డిసు అబాబాలోను అద్దె గదులలో నున్నారు. అన్న ఇశ్రాయేలులో, చెల్లెలు గోందరులో. తల్లి అక్కడ, కుమారుడు ఇక్కడ. సిగ్దు నాడు వారును ఉపవాసముండి యెరూషలేము తట్టు తిరిగి ప్రార్థించుచున్నారు.