నిస్తారం: ఉద్దానం దారిన నడిచిన ఒక మాట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాస దగ్గరున్న అక్కుపల్లి శివసాగర్ తీరానికి జనం సాయంత్రాలు వస్తారు. తెల్లవారుజామున వస్తే కనిపించేది వేరు. వేటకు పోయిన పడవ తిరిగొచ్చేటప్పుడు అసలు గండం నడిసంద్రంలో కాదు, ఒడ్డు పక్కనే, కెరటం విరిగే చోట. రాత్రంతా వల లాగిన చేతులకు అప్పటికి సత్తువ ఉండదు. ఒడ్డున ఉన్నవాళ్ళు పంచెలు ఎగగట్టి నడుంలోతు నీళ్ళలోకి దిగుతారు. తాడు అందుకుని, ఒక్క గొంతుతో అరుస్తూ పడవను ఇసుక మీదికి ఈడుస్తారు. ఆ ఆఖరి నాలుగు బారలు పడవలో ఉన్నవాడి బలం మీద గడిచేవి కావు.

ఇలా దాటి ఒడ్డు చేరడానికి మన భాషలో ఒక పాత మాట ఉంది: నిస్తారం. ఈ తీరానికి దగ్గర్లో పుట్టిన ఒక కవి తన పుస్తకానికి 'నిస్తార రత్నాకరము' అని పేరు పెట్టుకున్నాడు. రత్నాకరమంటే సముద్రం కూడా. ఆ కవి పురుషోత్తమ చౌదరి. తెలుగు క్రైస్తవులు ఇప్పటికీ పాడుకునే కీర్తనలు నూరుకు పైగా ఆయనవే. మనిషి తన పుణ్యంతో కాక దేవుడి కృపతో, విశ్వాసం ద్వారా మాత్రమే రక్షణ పొందుతాడన్న క్రైస్తవ నమ్మకాన్ని తెలుగు రాగంలో, తెలుగు తాళంలో జనం నోట నిలిపినవాళ్ళలో ఆయనది మొదటి వరస.

ఆయన 1803లో పర్లాకిమిడి దగ్గర మదనపురంలో పుట్టారు. వంగదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. అప్పట్లో పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట అన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా విడిపోయేదాకా మధ్యన గీత లేదు. ఆ ఇంటి పేర్లు చూడండి. తండ్రి కూర్మనాథుడు, శ్రీకూర్మం దేవుడి పేరు. తల్లి సుభద్ర, పూరీ జగన్నాథుడి చెల్లెలి పేరు. కొడుకు పురుషోత్తముడు, పూరీనే పురుషోత్తమ క్షేత్రం అంటారు. దక్షిణాన శ్రీకూర్మం, ఉత్తరాన పూరీ. ఆ రెండు గుళ్ళ మధ్య ఉన్న నేల మీద, ఆ ఇద్దరు దేవుళ్ళ పేర్ల నీడన పెరిగిన మనిషి ఆయన.

ముక్తికి దారి ఏదన్న ప్రశ్న ఆయనకు ఊరికే కాలక్షేపం కాదు. అప్పుడప్పుడే ఈ ప్రాంతంలో చేతులు మారుతున్న తెలుగు కరపత్రాలు, సువార్తలు ఆయన కంటపడ్డాయి. చదివారు, మిషనరీలతో వాదించారు, మళ్ళీ చదివారు. 1833లో కటకం వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నారు. మన తీరం నుంచి కటకానికి పోయే దారి జగన్నాథుడి యాత్రికులు నడిచే దారే. ఉద్దానాన్ని ఆనుకుని ఇచ్ఛాపురం మీదుగా ఉత్తరానికి సాగుతుంది. పుణ్యం కోసం జనం నడిచే బాటలోనే, పుణ్యం సంపాదించక్కర్లేదన్న నమ్మకాన్ని వెతుక్కుంటూ ఒక జంధ్యం వేసుకున్న యువకుడు నడిచాడు. ఆ ప్రయాణానికి ఆయన చెల్లించిన వెల చిన్నది కాదు. ఆ రోజుల్లో కులం విడిచినవాడికి ఇంటి గడప కూడా పరాయిదే.

అసలు ఆ నమ్మకం ఏమిటి? దాన్ని పలాస భాషలో చెప్పడమే తేలిక. జీడి పరిశ్రమల్లో ఆడవాళ్ళు పొద్దున్నుంచి కూర్చుని పిక్కలు కొడతారు. ఒక చేత్తో పిక్కను కత్తి కింద పెట్టడం, ఇంకో చేత్తో పిడి వంచడం, చీలిన పిక్కలోంచి పప్పు లాగడం. పెంకులోని జీడి అంటుకుంటే వేళ్ళు పొక్కుతాయి. అందుకే చేతులకు బూడిదో నూనో రాసుకుంటారు. సాయంత్రం తూకం వేసి, ఇన్ని కిలోలకు ఇంత అని లెక్క కడతారు. ఆ డబ్బు ఎవరి దయా కాదు, ఆమె హక్కు. సరిగ్గా ఈ తేడానే అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన లేఖలో పట్టుకున్నాడు. పనిచేసినవాడికి ఇచ్చేది జీతం, అది బాకీ తీర్చడం. రక్షణ అలాంటిది కాదు. ఎఫెసు సంఘానికి రాసిన లేఖలో ఇంకా తేటగా చెప్పాడు: అది దేవుడు ఉచితంగా ఇచ్చే వరం, మనిషి అతిశయపడటానికి అందులో తావు లేదు. విశ్వాసం అంటే ఆ వరాన్ని అందుకునే ఖాళీ చెయ్యి.

పదహారో శతాబ్దంలో యూరపును రెండుగా చీల్చింది ఈ మాటే. మార్టిన్ లూథర్ ఉపవాసాలతో, జాగారాలతో ఒళ్ళు హూనం చేసుకున్న సన్యాసి. రోమా లేఖ చదువుతూ, దేవుడి నీతి మనల్ని శిక్షించే కొరడా కాదు, మనకు కప్పే వస్త్రం అని ఆయనకు తోచింది. 1517లో పాపక్షమా పత్రాల అమ్మకాన్ని ప్రశ్నిస్తూ 95 వాదాలు ప్రకటించాడు. 1547లో ట్రెంట్ మహాసభ కతోలికుల పక్షాన జవాబిచ్చింది. ఆ తగాదా 1999 దాకా నడిచింది. ఆ ఏడాది అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కతోలికులు కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మనం అంగీకారం పొందేది మన అర్హత వల్ల కాదు, కృప వల్లే అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

తెలుగువాళ్ళు గర్వంగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇక్కడొకటి ఉంది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల విషయమే ఇది. మద్రాసులో తెలుగు నేర్చుకున్న లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చువేయించిన వాటిలో ఒకదాని పేరు, ఆనాటి వాడుకలోనే, 'మోక్షానికి కొంచుపొయ్యె దోవ'. తర్వాత 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్ళు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్, ఆనందరాయరు అనే పండితుడి సాయంతో సువార్తలు తెనిగించారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు చనిపోయారు. తమ పని పుస్తకమై రావడం వాళ్ళిద్దరూ చూడలేదు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి, కొత్త నిబంధన మొత్తం 1818లో మద్రాసులో.

షుల్జ్ 'మోక్షం' అన్నాడు. బైబిలు తెలుగులో 'రక్షణ' స్థిరపడింది. చౌదరి 'నిస్తారం' అన్నారు. మోక్షమంటే జన్మల చక్రం తెగిపోవడం మనసులో మెదులుతుంది. రక్షణలో ఎవరో వచ్చి కాపాడిన చప్పుడు ఉంది. నిస్తారంలో దాటాల్సిన నీళ్ళున్నాయి, అవతలి గట్టు ఉంది. నాకు ఈ మూడో మాటంటే ఎక్కువ ఇష్టం. పరాయి దేశపు సిద్ధాంతాన్ని ఎవరో దిగుమతి చేసినట్టు లేదు ఆ మాటలో. ఇక్కడివాడు ఇక్కడి సముద్రాన్ని చూసి అన్నట్టుంది.

పైగా కృప అన్న మాట ఇక్కడివాళ్ళకు కొత్తదీ కాదు. రామానుజుల పరంపరలో ఎప్పటినుంచో ఒక వాదం ఉంది. కోతిపిల్ల తల్లి పొట్టను గట్టిగా పట్టుకుని వేలాడుతుంది, పట్టు జారితే పడుతుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. మర్కట న్యాయం, మార్జాల న్యాయం. భక్తుడు దేవుణ్ణి పట్టుకోవాలా, దేవుడే భక్తుణ్ణి పట్టుకుంటాడా? లూథర్ అడిగిన ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టం. అయితే రెండూ ఒకటేనని చుట్టేయడం ఇద్దరికీ అన్యాయం. క్రైస్తవ నమ్మకంలో కృపకు ఒక చోటు, ఒక రోజు ఉన్నాయి. యెరూషలేము బయట, ఒక సిలువ మీద, ఒక మనిషి చావులో పాపపు బాకీ తీరిందంటారు. చౌదరి పట్టుకున్నది అదే.

ఆయన దాన్ని వచనంలోనే వదిలేసి ఉంటే పండితుల బీరువాల్లో ఉండేది. పల్లవి, అనుపల్లవి, చరణాలు కట్టి పాటగా ఇచ్చారు. అందుకే చదువు రాని అవ్వ కూడా ఆయన కీర్తన మొత్తం పుస్తకం చూడకుండా పాడుతుంది. తబలా, కంజీర, హార్మోనియం. పల్లవి దగ్గరికి వచ్చేసరికి ముసలి గొంతు కాస్త వణికి, మళ్ళీ నిలదొక్కుకుంటుంది. తన పాపం ఎంతో, తనను వెతికి వచ్చినవాడి ప్రేమ ఎంతో చెప్పుకోవడం తప్ప ఆ కీర్తనల్లో పాడేవాడు తన గొప్ప చెప్పుకునే చోటు కనిపించదు. కృప నిజమైతే పుట్టుక వల్ల వచ్చే పుణ్యం కూడా లెక్కలోకి రాదు కదా! అందుకే ఆయన కులాచారాన్ని పరీక్షకు పెడుతూ ఒక పుస్తకమే రాశారు. 1890లో కన్నుమూసేనాటికి ఆయనకు ఎనభై ఆరు దాటాయి.

చౌదరి జీవితపు మలిసంధ్యలో కెనడా బాప్టిస్టులు ఈ జిల్లాలకు వచ్చారు. శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి, సోంపేట వాళ్ళ మిషన్ కేంద్రాలయ్యాయి. క్రియల వల్ల రక్షణ రాదని నమ్మేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారనే మాట తరచూ వింటాం. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రి చూసినవాళ్ళు ఆ మాట అనలేరు. అక్కడ పనిచేసిన కెనడా వైద్యుడు బెన్ గల్లిసన్ 1963లో కాల్గరీ నగరంలో ఉద్దానపు గుడ్డివాళ్ళ గురించి మాట్లాడారు. అది విన్న ఆర్ట్ జెన్కిన్స్ అనే వ్యాపారి, ఆయన మిత్రులు డబ్బు పోగుచేశారు. ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అలా పుట్టింది. ఇప్పుడది అనేక దేశాల్లో పనిచేస్తోంది. శుక్లాల కంటికి కట్టు విప్పినప్పుడు, ఎదురుగా ఉన్న మనవడి ముఖం పోల్చుకున్న ముసలాయన ఆ చూపుకు ఏ కూలీ చేయలేదు. మేలు చేసినవాళ్ళూ మోక్షం కొనుక్కోవడానికి చేయలేదు. ముందే అందిందనుకున్నవాళ్ళ కృతజ్ఞత అది.

ఒక బాధ చెప్పకుండా ఉండలేను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇప్పటికీ తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఇలాంటి చోట కొన్ని సభల్లో, కానుక వేస్తే జబ్బు నయమవుతుందనీ, నయం కాకపోతే నీ విశ్వాసం చాల్లేదనీ చెబుతున్నారు. డయాలసిస్ మంచం మీదున్న మనిషితో అనే మాటేనా అది! విశ్వాసాన్ని మళ్ళీ తూకం వేసి కూలి లెక్కగా మార్చడం కాదా? లూథర్ ఎదిరించిన పాపక్షమా పత్రమే కొత్త రంగు కాగితంలో వచ్చింది. చౌదరి కీర్తన ఒక్కటి శ్రద్ధగా విన్నవాడు ఈ బేరానికి ఒప్పుకోడు.

ఈసారి అక్కుపల్లి తీరానికి ఆదివారం పొద్దుటే బయలుదేరండి. దారిలో ఏ ఊళ్ళోనైనా మందిరం తలుపు తీసి ఉంటే కాసేపు ఆగి, కీర్తనల పుస్తకం అడిగి చూడండి. పాట మీద రాగం, తాళం, దగ్గర్లోనే రాసినవారి పేరు ఉంటాయి. అక్కడ పురుషోత్తమ చౌదరి పేరు కనిపిస్తే, పక్కనున్న పిల్లలకు చూపించి ఆయన మన వైపువాడేనని చెప్పండి.