సర్పగంధి వేరు – అజ్మలీన్ చరిత్ర

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ దేశవిభజన పిదప కాందిశీకులకై వెలసిన పేట. నేడు పోటీపరీక్షలకు చదువు తెలుగు విద్యార్థులకు అది సుపరిచితము. దాని పొరుగుననున్న కరోల్ బాగ్‌లో ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాల కలదు. 1921 ఫిబ్రవరి 13న గాంధీజీ ప్రారంభించిన ఆ విద్యాలయమున, ఈ పేట పుట్టుటకు ఎన్నో యేండ్లు పూర్వమే, భారతీయ రసాయనశాస్త్ర చరిత్రలో స్మరింపదగిన పరిశోధన జరిగినది.

కళాశాల స్థాపకుడు హకీం అజ్మల్ ఖాన్ పరంపరాగత యునానీ వైద్యుడు; 1921లో అహమ్మదాబాదు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన దేశనాయకుడు. పూర్వుల ఔషధములను కొనియాడుటతో ఆయన తృప్తిపడలేదు. వానిలో పనిచేయు పదార్థమేదో ఆధునిక రసాయనశాస్త్రము తేల్చవలెనని కోరెను. అందులకు, ఫ్రాంక్‌ఫర్టులో 1927లో డాక్టరు పట్టమునందిన సలీముజ్జమాన్ సిద్దిఖీని ఎన్నుకొనెను. ఆ సంవత్సరాంతమున హకీం మరణించెను. సంకల్పము మాత్రము నిలిచినది.

సిద్దిఖీ సర్పగంధి వేరును చేపట్టెను. పాముకాటునకు, ఉన్మాదమునకు తరతరములుగా మనవారు వాడుచు వచ్చిన వేరది. మొక్కలలో నత్రజనితో కూడి క్షారగుణముగల పదార్థములను ఆల్కలాయిడులందురు. సింకోనా బెరడులోని క్వినైను అట్టిది. సిద్దిఖీయు, ఆయన సహచరుడు రఫత్ హుసేన్ సిద్దిఖీయు ఈ వేరునుండి తెల్లనివి మూడు, పసుపుపచ్చనివి రెండు ఆల్కలాయిడులను స్ఫటికరూపమున వేరుపరచి 1931లో ప్రకటించిరి. వానిలో నొకదానికి హకీము పేర అజ్మలీన్ అని నామకరణము చేసిరి.

అదే సంవత్సరమున కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అను వైద్యులు ఈ వేరు ఉన్మాదమును, రక్తపుపోటును శమింపజేయునని వెల్లడించిరి. ఒకచోట పదార్థము, మరొకచోట గుణము తెలిసినవి. ఆ రెండును కలియలేదు. ఢిల్లీ స్ఫటికములలో ఆ శమనశక్తి కానరాలేదు. అది వేరులోని జిగురువంటి భాగమున దాగియుండెను. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ వ్యాసము పాశ్చాత్యుల దృష్టి నాకర్షించెను. 1952లో స్విట్జర్లాండులోని సీబా రసాయనికులు ఆ భాగమునుండియే రిసర్పీన్‌ను తీసిరి. 1956లో అమెరికాలో వుడ్‌వర్డ్ దానిని ప్రయోగశాలలో నిర్మించెను. కీర్తి యంతయు రిసర్పీన్‌నే వరించినది.

అట్లని ఢిల్లీ కృషి వ్యర్థము కాలేదు. 20 కర్బన, 26 ఉదజని, 2 నత్రజని, 2 ఆమ్లజని పరమాణువులతో కూడిన అజ్మలీన్ గుండె లయపై పనిచేయునని తరువాత తేలినది. దాని సంపూర్ణ సంశ్లేషణ 1967లో జరిగినది. బ్రుగాడా లక్షణమను ప్రమాదకరమైన హృద్రోగము గుప్తముగా నున్నదేమో కనుగొనుటకు వైద్యులు నేటికిని దానిని నరములోనికెక్కించి పరీక్షించుచున్నారు.

సిద్దిఖీ 1951లో పాకిస్తానునకు తరలి, 1994లో కరాచీలో మరణించెను. వైద్యుడును రసాయనికుడును ఒకే గృహమున పనిచేయవలెనని హకీం తలచినాడు. ఆ తలపు పూర్ణముగా ఫలించియుండినచో, సర్పగంధి రహస్యమునకు ఇరువది యేండ్లు వేచియుండవలసి వచ్చెడిది కాదేమో.