ఇల్లు కట్టి చూడు... కరెంటు బిల్లు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దవాళ్లు. పెళ్లిళ్లకి ఇంకా టైముంది కానీ, ఇల్లు మాత్రం మొదలుపెట్టేశాం. విజయవాడ శివార్లలో 200 గజాల స్థలం. 1,200 అడుగుల ఇల్లు. బడ్జెట్ 30 లక్షలు.

మేస్త్రీ రాసిచ్చిన ఎస్టిమేట్ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. వీధి వైపు ఎలివేషన్‌కి 2 లక్షలు. ఫాల్స్ సీలింగ్‌కి లక్షన్నర. కప్పు మీద ఎండ ఆపడానికి మాత్రం ఒక్క రూపాయి లేదు. అడిగితే, "ఏసీలు పెట్టించుకుంటారు కదమ్మా" అన్నాడు. మావారూ తలూపారు.

నాకు వెంటనే అమ్మ గుర్తొచ్చింది. అది చెప్పాలంటే ముందు నానమ్మ ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

నానమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. మండువా లోగిలి. మట్టి గోడలు మూరెడు మందం. పగలు పట్టిన వేడి ఆ గోడ దాటి లోపలికొచ్చేసరికి రాత్రయ్యేది, అప్పటికి బయట గాలి చల్లబడేది. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, వేడిగాలి పైకి పోవడానికి దారి. గదుల మీద చెక్కతో అటక, దానిమీద పెంకులు. ఎండకి పెంకు కాలినా అటక కింద మనిషికి సెగ తగిలేది కాదు. చుట్టూ వసారా ఉండబట్టి గోడ మీద నేరుగా ఎండ పడేది కాదు.

మనం బెంగుళూరు పెంకులు అంటాం కానీ అవి పుట్టింది మంగుళూరులో. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. అంతకుముందు మన ఊళ్లలో కుమ్మరి చేసిన గూన పెంకులే.

అలాగని ఆ ఇల్లు స్వర్గం అనను. ఏటా వానలకి ముందు పెంకులు సర్దించాలి, లేకపోతే కారుతుంది. తేళ్లు. వంటింట్లో కట్టెల పొయ్యి పొగకి నానమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అందుకే నాన్న స్లాబు ఇల్లు కడతానంటే ఎక్కువ సంతోషపడింది ఆవిడే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని మింగింది. ఆ తర్వాత మా వైపు వాళ్లకి స్లాబు అంటే గాలివానకి లేచిపోని కప్పు, ధైర్యం.

ఆ రోజుల్లో సిమెంటు డబ్బిస్తే దొరికేది కాదు, పర్మిట్ కావాలి. 1982లో ప్రభుత్వం కంట్రోలు కొంత సడలించింది, 1989లో పూర్తిగా ఎత్తేసింది. ఆ మధ్యలోనే, 1986లో, నాన్న గుంటూరులో డాబా ఇల్లు కట్టారు. మూరెడు గోడ పోయి తొమ్మిదంగుళాల ఇటుక గోడ వచ్చింది. అటక పోయింది, మండువా పోయింది, వసారా పోయింది. నెత్తిమీద అయిదంగుళాల కాంక్రీటు మిగిలింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఒక మే నెల మధ్యాహ్నం, నేను తొమ్మిదో తరగతి సెలవుల్లో ఉండగా, అమ్మ పప్పు గిన్నె దించుతూ వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. చెయ్యి కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పైనుంచి స్లాబు సెగ, కింద గ్యాస్ పొయ్యి సెగ. నానమ్మ వచ్చి చూసి, "ఇది ఇల్లు కాదే, పెనం" అంది.

తర్వాత నాన్న ఏం చేశారు? హాల్లో కూలర్ పెట్టించారు. కొన్నేళ్లకి పడగ్గదిలో ఏసీ. రెండూ వంటింటికి రాలేదు. అమ్మ అడగనూ లేదు, మాకు తట్టనూ లేదు.

మండువా ఇంటి చల్లదనం ఇంటిల్లిపాదిదీ. మిషన్ చల్లదనం ఒక గదిది, ఆ గదిలో కూర్చున్నవాళ్లది. అన్నం వండే మనిషికి అది దక్కదు. ఈ చరిత్ర ఏ పుస్తకంలోనూ రాయలేదు కానీ, మనలో చాలామందికి ఒంటికి తెలుసు.

ఇల్లు కట్టాలనుకున్నప్పటినుంచీ లారీ బేకర్ గురించి చదువుతున్నాను. ఇంగ్లండులో 1917లో పుట్టి, 1945లో మన దేశం వచ్చి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన ఆర్కిటెక్ట్. డబ్బులేనివాళ్లకి ఇళ్లు ఎలా కట్టాలన్నదే ఆయన జీవితం. ఇటుకల్ని నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టించేవారు. దాన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు ఆదా, మధ్యలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది. స్లాబులో కింది సగం కాంక్రీటు పెద్దగా బరువు మొయ్యదు కాబట్టి అక్కడ మంగుళూరు పెంకులు పొదిగించేవారు. ఖర్చూ తగ్గింది, వేడీ తగ్గింది. చల్లటి ఇల్లంటే ఖరీదైన ఇల్లు అనే నా భయం ఆయన్ని చదివాకే పోయింది.

ప్రభుత్వమూ మెల్లగా ఇటు వచ్చింది. 2006లో ఫ్రిజ్‌లకీ ఏసీలకీ స్టార్ గుర్తులు మొదలయ్యాయి, అంటే ముందు మిషన్ల సంగతి చూశారు. ఇంటి సంగతి 2018 డిసెంబరులో వచ్చింది, ఎకో నివాస్ సంహిత పేరుతో. కప్పు మీద ప్రతి చదరపు మీటరుకీ, బయటికీ లోపలికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకీ, 1.2 వాట్ల కంటే ఎక్కువ వేడి లోపలికి రాకూడదని అందులో లెక్క. ఉత్త స్లాబు సుమారు దానికి మూడింతలు పంపిస్తుంది. మనలాంటి చిన్న స్థలాలకి ఆ నిబంధన తప్పనిసరి కాదు. కానీ ఎండకి ఆ సంగతి తెలియదు కదా!

ఆ రాత్రి మేస్త్రీ కాగితం వెనకాల నేనూ ఒక లెక్క రాశాను.

ఫాల్స్ సీలింగ్ వద్దు: లక్షన్నర మిగులు. ఎలివేషన్ 80 వేలల్లో సింపుల్‌గా: 1,20,000 మిగులు. మొత్తం 2,70,000.

స్లాబు మీద ఇన్సులేషన్ షీటు, వాటా ప్లాస్టరు, పైన తెల్ల టైల్స్. మాకు అడుక్కి 140 రూపాయలు చెప్పారు. 1,200 అడుగులకి 1,68,000. పడమర, దక్షిణం కిటికీలకి సన్‌షేడ్లు వెడల్పు పెంచడానికి 35 వేలు. వంటింట్లో ఎదురెదురు కిటికీలకీ మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కీ 15 వేలు. మామూలు ఫ్యాన్లకి బదులు ఆరు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అదనంగా 7 వేలు. మొత్తం 2,25,000. ఇంకా 45 వేలు చేతిలోనే ఉన్నాయి.

ఫ్యాన్ల లెక్క చూడండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, ఇది 30. ఆరు ఫ్యాన్లు రోజుకి పది గంటలు తిరిగితే నెలకి 81 యూనిట్లు ఆదా. యూనిట్ 6 రూపాయలనుకున్నా 486 రూపాయలు. ఏడాదిలో ఎనిమిది నెలలే వాడినా రెండేళ్లలోపే ఆ 7 వేలూ తిరిగొస్తాయి.

వాస్తు జోలికి పోలేదు, అత్తయ్యగారు ఒప్పుకోరు. ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద పడగ్గది అలాగే ఉన్నాయి. కాకపోతే ఆ గది పడమటి గోడకి బీరువాలన్నీ పెట్టిస్తున్నాం. సాయంత్రం ఎండ వేడి గోడ దాటినా ముందు బీరువాకే తగులుతుంది. నానమ్మ ఇంట్లో వసారా చేసిన పనే ఇది.

సోలార్ వచ్చే ఏడాది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ ఉంది. మిగిలిన 45 వేలూ దానికే దాచాను. ముందు వాడకం తగ్గితే పెద్ద ప్యానెళ్ల అవసరం ఉండదు. చిల్లి కుండలో నీళ్లు పొయ్యడం ఎందుకు?

కాగితం మావారికి ఇచ్చాను. ఎలివేషన్ దగ్గర చాలాసేపు ఆగారు. "ఊళ్లోవాళ్లు చూసేది అదే కదా" అన్నారు. "వాళ్లు చూసేది గృహప్రవేశం రోజు. నేను ఆ వంటింట్లో నిలబడేది ముప్పై ఏళ్లు" అన్నాను. అమ్మ చేతి మీద మచ్చ ఆయనకీ తెలుసు. ఇంకేం మాట్లాడకుండా పెన్ను తీసి ఫాల్స్ సీలింగ్ కొట్టేశారు.

మొన్న అమ్మ వచ్చి పునాది చూసింది. "వంటిల్లు ఎక్కడే?" అని అడిగి, ముగ్గు గీతల మధ్య నిలబడింది. కిటికీలు ఎక్కడొస్తాయో చూపించాను. కాసేపు అటూ ఇటూ చూసి, "గాలొస్తుందే" అంది.

మీ ఇంటి ఎస్టిమేట్ వచ్చినప్పుడు, ముందు కప్పు కింద ఎంత రాశారో చూడండి. తర్వాత వంటింటి కిటికీలు లెక్కపెట్టండి.